సముద్రం అడుగున పీటముడి

2005వ సంవత్సరం, ఆగస్టు 4వ తేదీ. రష్యా దేశానికి తూర్పు కొసన కమ్చట్కా అనే ద్వీపకల్పం ఉన్నది. ఆ తీరాన, 190 మీటర్ల లోతు నీటిలో, ఏడుగురు మనుష్యులున్న ఒక చిన్న జలాంతర్గామి ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని పేరు ఏ.ఎస్. 28. ముందుకు పోదు, వెనక్కు రాదు, పైకి లేవదు. విచిత్రమేమిటంటే, అది ఆపదలో పడిన పెద్ద జలాంతర్గాముల నుంచి నావికులను బయటికి తీసుకురావడానికని కట్టిన నౌక. ఇతరులను రక్షించవలసిన నౌకే ఇప్పుడు రక్షణ కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

ఇంతకూ దానిని పట్టుకున్నదేమిటి? తిమింగలం కాదు, సుడిగుండం కాదు. చేపల వలలు, కేబుళ్ళు!

లోపల చలి. బయట చీకటి. ఉన్న గాలి ఎన్నాళ్ళు వస్తుందో తెలియదు. ఆ ఏడుగురూ గాలిని పొదుపు చేసుకోవడానికి వీలైనంతవరకు కదలకుండా పడుకున్నారు. మూడు రోజులు అట్లాగే గడిచాయి. బ్రిటన్ నుంచి విమానం మీద స్కార్పియో 45 అనే యంత్రాన్ని తీసుకువచ్చారు. అందులో మనుష్యులుండరు, పైన ఓడలో కూర్చున్నవారే దానిని నడుపుతారు. అది నీటి అడుగుకు దిగి చేసిన ఘనకార్యం ఏమిటనుకున్నారు? కత్తిరించడం. ఒక్కొక్క తాడునూ పట్టుకుని కత్తిరించింది. ఆగస్టు 7వ తేదీన ఏ.ఎస్. 28 పైకి తేలింది. ఏడుగురూ ప్రాణాలతో బయటికి వచ్చారు.

అంత గట్టి నౌకకే వలల వల్ల ఆ గతి పడితే, వీపున ఒక్క గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగే ఒంటరి మనిషి మాట ఏమిటి? అతనికోసం ఏ దేశం నుంచీ యంత్రాలు రావు. వచ్చేదాకా ఆగడానికి అతని దగ్గర గాలీ ఉండదు. అతని స్కార్పియో అతని దగ్గరే ఉండాలి. అదేమిటో, ఎక్కడ పెట్టుకోవాలో, ఎట్లా వాడాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లాగితే బిగుస్తుంది

కుట్టు మిషను దగ్గర దారం చిక్కుపడినప్పుడు ఇంట్లో జరిగే తతంగం అందరూ చూసినదే. చిన్నపిల్ల ఆత్రంగా గుంజుతుంది. అమ్మ వంటింట్లోంచే కేక వేస్తుంది: "లాగకే పిల్లా, పీటముడి పడుతుంది! కాస్త ఆగు, కత్తెర తెస్తాను."

సముద్రం అడుగున ప్రాణాపాయంలో ఉన్న డైవరుకు ప్రపంచంలోని ఏ శిక్షకుడైనా చెప్పే పాఠం సరిగా ఇదే. లాగవద్దు, ఆగు, కత్తెర తీయి. అయితే అక్కడ చిక్కుపడేది నూలు దారం కాదు, నైలాన్. దాని సత్తా ఏమిటో సంక్రాంతి రోజుల్లో హైదరాబాదు వీధులలో తిరిగినవారికి చెప్పనక్కరలేదు. గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజాను 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. మోటారుసైకిలు మీద పోయేవాని మెడకు తగిలితే కోసేస్తుంది. చెట్టుకొమ్మకు చిక్కుకున్న ముక్క ఎన్ని నెలలైనా అక్కడే వేలాడి, వచ్చిన పక్షినల్లా పట్టుకుంటుంది. రెక్కలు కొట్టుకున్న కొద్దీ ఉచ్చు బిగుస్తుంది. నీటి అడుగున జరిగేదీ అదే. పక్షి బదులు చేప, తాబేలు, అప్పుడప్పుడు మనిషి.

ఊపిరి లెక్క

స్కూబా అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. తన గాలిని తానే మోసుకుపోతూ నీటి అడుగున ఊపిరి తీసుకునే సాధనం అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి చేసిన పేరు అది. అంతకు పూర్వం డైవర్లు రాగి శిరస్త్రాణం, బరువైన బూట్లు తొడుక్కుని, పైనుంచి వచ్చే గాలిగొట్టం మీద ఆధారపడేవారు. 1943లో ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి 'ఆక్వాలంగ్' అనే పరికరం తయారుచేశారు. డైవరు ఊపిరి పీల్చినప్పుడే, కావలసినంత గాలినే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపోయేట్టు అందించే రెగ్యులేటరు అందులోని కీలకం. మనిషికి చేప స్వేచ్ఛ వచ్చింది. 1956లో కూస్తో తీసిన 'నిశ్శబ్ద ప్రపంచం' చిత్రానికి కేన్స్ ఉత్సవంలో అగ్రబహుమతి రావడంతో ఈ వింత ప్రపంచానికంతా తెలిసింది.

అయితే ఈ స్వేచ్ఛకు ఒక హద్దు ఉన్నది. అది లెక్కల పుస్తకంలో ఉన్నది.

ఉదాహరణకు, 12 లీటర్ల సిలిండరులో 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడితో గాలి నింపారనుకోండి. పైన, మామూలు గాలిలో అది సుమారు 2,400 లీటర్లకు సమానం. నెమ్మదిగా ఉన్న మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే రెండు గంటలకు సరిపోతుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక అట్మాస్ఫియరు ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర ఖర్చు రెండింతలు. 30 మీటర్ల దగ్గర, అంటే జాలర్ల భాషలో సుమారు 16 బారల లోతున, నాలుగింతలు. రెండు గంటల గాలి అరగంటకు దిగిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈత ముగించి పైకి వద్దామనుకునే సమయానికి సిలిండరులో 70 అట్మాస్ఫియర్లు మిగిలాయి. అంటే 840 లీటర్లు. సరిగ్గా అప్పుడే ఏదో వెనకనుంచి పట్టుకున్నది. స్థిమితంగా ఉంటే 30 మీటర్ల లోతున ఆ గాలి పది నిమిషాలకు పైగా వస్తుంది. భయపడి, గింజుకుని, మూడింతలు పీల్చడం మొదలుపెడితే మూడున్నర నిమిషాలు! సిలిండరు అదే, గాలి అదే, లోతు అదే. గుండె దడ ఒక్కటే తేడా.

ఉన్నపళంగా పైకి దూకడానికీ వీలులేదు. ఊపిరి బిగబట్టి గబగబా పైకి వస్తే ఊపిరితిత్తులలోని గాలి ఉబ్బి వాటిని చీల్చవచ్చు. రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్ళనూ నరాలనూ దెబ్బతీయవచ్చు. కనుక పడిన ముడిని పడినచోటే విప్పుకోవాలి.

కనబడని ఉచ్చు

నైలాన్‌ను 1935లో అమెరికాలో డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం కనిపెట్టింది. అంతకు ముందు వలలు నూలుతోనో, జనుముతోనో, ఇట్టి నారలతోనో అల్లేవారు. మన కోస్తా జాలర్లూ అంతే. ఆ వలలు కొన్నాళ్ళు వాడితే చివికిపోయేవి. వాటిని కాపాడుకోవడమే ఒక పని. సముద్రంలో పోయినా కొంతకాలానికి కుళ్ళి మాయమయ్యేవి. నైలాన్ కుళ్ళదు. జాలరికి అది వరమైంది. తెగి పోయిన ముక్క సముద్రానికి శాపమైంది. చేపలు పట్టేవాడు లేకుండానే ఏళ్ళ తరబడి చేపలు పడుతూ ఉండే ఈ వలలను 'దయ్యపు వలలు' అంటారు. ఐక్యరాజ్యసమితికి చెందిన సంస్థలు 2009లో వెలువరించిన నివేదిక ఒకటి, ఏటా సుమారు 6 లక్షల 40 వేల టన్నుల వలలు, గాలాలు, తాళ్ళు సముద్రాల పాలవుతున్నాయని అంచనా కట్టింది.

ఇవి ఎక్కడ పడితే అక్కడ ఉండవు. రాళ్ళున్నచోట, జెట్టీల స్తంభాల దగ్గర, మునిగిపోయిన ఓడల చుట్టూ ఎక్కువ. కారణం తేలికే. చేపలు అక్కడే చేరతాయి. అందుకని గాలాలు అక్కడే వేస్తారు. అక్కడే అవి రాతికో ఇనుముకో తగులుకుని తెగుతాయి. డైవర్లు చూడబోయేదీ సరిగ్గా ఆ చోట్లనే! 1956 జూలైలో అమెరికా తూర్పు తీరాన మంచులో మరో ఓడను ఢీకొని మునిగిన ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా డెబ్బై మీటర్లకు పైగా లోతున పడి ఉన్నది. దానిని చూడడానికి పోయి ప్రాణాలు కోల్పోయిన డైవర్లు పదిమందికి పైనే. లోతు, చలి, చీకటి అన్నీ కారణాలే. వాటికి తోడు ఆ ఓడ ఒళ్ళంతా చుట్టుకున్న పాత వలలూ, వేలాడే కేబుళ్ళూ ఒకటి.

సన్నని నైలాన్ పోగు నీటిలో కంటికి ఆనదు. పైగా డైవరు ముఖానికి పెట్టుకున్న మాస్కు గుర్రానికి కట్టిన గంతల వలె పక్క చూపును తగ్గిస్తుంది. నీటి అడుగున నాలుగడుగుల దూరంలోని వస్తువు మూడడుగులలోనే ఉన్నట్టు కనిపిస్తుంది; కనుక దారం కనబడినా చెయ్యి చాచితే అందదు. సాధారణంగా అది తగులుకునే చోట్లు కొన్ని ఉన్నాయి: మెడ వెనుక సిలిండరు కవాటం, కాలి రెక్కల పట్టీలు, పక్కన వేలాడే గొట్టాలు, ఒంటిమీద బయటికి పొడుచుకు వచ్చిన ఏ వస్తువైనా. వీటిలో మెడ వెనుకది అన్నిటికన్నా మోసకారి. అది ఏమిటో చూద్దామని వెనక్కు తిరుగుతాడు మనిషి. తిరిగితే దారం ఇంకో చుట్టు చుట్టుకుంటుంది. ఇటు కాదని అటు తిరిగితే చేతినీ కలుపుకుంటుంది. సాలీడు చేసే పనిని ఈగే చేసిపెట్టినట్టు!

సినిమా వీరుడి కత్తి

డైవరు అనగానే మన కళ్ళ ముందు మెదిలే బొమ్మలో పిక్కకు కట్టిన పెద్ద కత్తి తప్పకుండా ఉంటుంది. అమెరికాలో 1958 నుంచి 1961 వరకు నడిచిన 'సీ హంట్' టెలివిజన్ కథలలో లాయిడ్ బ్రిడ్జెస్, 1965లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం 'థండర్‌బాల్'లో నీటి అడుగున కొట్టుకునే వీరులు, ఆ బొమ్మను లోకానికి అలవాటు చేశారు. షార్కు వస్తే పొడవడానికి, శత్రువు వస్తే గాలిగొట్టం కోయడానికి ఆ కత్తి అని ప్రేక్షకులు అనుకున్నారు.

నిజానికి డైవరు కత్తితో షార్కును పొడిచే సందర్భం సినిమాలోనే వస్తుంది. జీవితంలో వచ్చేది దారం. పిక్కకు బయటివైపున కట్టిన అంత పెద్ద కత్తి ఒర తానే ఒక కొక్కెమై దారాన్ని తగిలించుకుంటుంది. ఆపై, చేతులు గానీ భుజాలు గానీ చిక్కుపడినప్పుడు పిక్కదాకా వంగడం సాధ్యమా? ఉన్న ఆయుధం ఉన్నట్టే ఉండి అందకుండా పోతుంది. అందుకనే అనుభవజ్ఞులు క్రమంగా ఆ కత్తిని చిన్నది చేశారు, పైకి తెచ్చారు. ఇప్పటికీ పిక్కకే కట్టుకునేవారు లోపలివైపున కట్టుకుంటారు.

ఏ దారానికి ఏ పదును

వంటింట్లో కూర తరగడానికి ఒకటి, కొబ్బరి కోరడానికి ఒకటి ఉన్నట్టే, ఇక్కడ కూడా ఒకే పనిముట్టు అన్నిటికీ చాలదు.

మొదటిది చిన్న కత్తి. నాలుగంగుళాల లోపు అలుగు చాలు. ఒక అంచు నున్నగా, ఇంకొకటి రంపపు పళ్ళతో ఉంటుంది. పళ్ళ అంచు లావు తాళ్ళకు, నున్నని అంచు సన్నని దారానికి. మొన సూదిగా ఉన్నదానికన్నా మొండిగా ఉన్నది మేలు. చీకటిలో, వణికే చేతితో, తన తొడనో గాలిగొట్టాన్నో పొడుచుకోకుండా ఉండాలి కదా! కత్తితో ఉన్న చిక్కు ఒకటే: దారం బిగువుగా ఉంటేనే తెగుతుంది. వదులు దారం అంచు మీద జారిపోతుంది. కనుక ఒక చేత్తో దారం, ఒక చేత్తో కత్తి పట్టుకోవాలి.

రెండవది కొక్కెపు కత్తి. పారాచూట్ వీరులు తాళ్ళు చిక్కుపడితే కోసుకోవడానికి వాడే సాధనం వంటిది. బ్లేడు లోపలికి దాగి ఉంటుంది. దారాన్ని గాడిలోకి తగిలించి లాగితే తెగిపోతుంది. ఒక్క చేత్తో పని జరుగుతుంది, వేలు తెగే భయం లేదు. గాలపు దారానికి దీనిని మించినది లేదు. లావు తాడు మాత్రం ఆ సందులో దూరదు.

మూడవది కత్తెర. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవారి బట్టలను, బెల్టులను కత్తిరించడానికి అంబులెన్సులో ఉంచే వంకర మూతి కత్తెర చూశారా? అదే. ఖరీదు తక్కువ, మొన మొండి. ఇప్పటి అల్లిక దారాలు నైలాన్ కంటే గట్టివి. కత్తి వాటి మీద జారుతుంది, కత్తెర రెండువైపులా పట్టి తెంపుతుంది. పెద్ద చేపల గాలాలకు కట్టే సన్నని ఉక్కుతీగను కూడా మంచి కత్తెర తెంపగలదు. ఉక్కుతీగలు ఎక్కువగా ఉండే చోట పనిచేసేవారు ఎలక్ట్రీషియన్ల కటింగ్ ప్లయరు వంటిది తీసుకుపోతారు.

లోహం సంగతీ ఒక మాట. ఉప్పునీరు ఉక్కుకు పరమశత్రువు. తుప్పు పట్టని ఉక్కు రకాలున్నాయి గాని వాటికి పదును నిలవదు. పదును నిలిచేవాటికి తుప్పు పడుతుంది. టైటానియం తుప్పు పట్టదు, వెల మాత్రం ఎక్కువ. ఏదైనా సరే, వాడిన ప్రతిసారీ మంచినీటితో కడిగి, తుడిచి, కాస్త సిలికాన్ గ్రీజు రాసి పెట్టుకోవాలి. ఒరలో తడిగా వదిలేసిన కత్తి ఆరు నెలలకు ఒరకే అతుక్కుని, అవసరమైన రోజున ఊడి రాదు. అట్లాగే, దానితో డబ్బా మూతలు తీయడం, రాళ్ళు పెకలించడం చేసేవాడికి అసలు పని వచ్చిన రోజున అంచు ఉండదు.

రెండు చోట్ల, రెండు చేతులకు

ఏది కొనాలన్నదానికన్నా ఎక్కడ పెట్టుకోవాలన్నది పెద్ద ప్రశ్న. అనుభవజ్ఞుల మాట ఇది: కనీసం రెండు పనిముట్లు ఉండాలి, రెండూ ఒకేచోట ఉండకూడదు, ప్రతిదీ ఏ చేతికైనా అందాలి. ఒకటి నడుము పట్టీకి బొడ్డు దగ్గర, రెండవది రొమ్ము మీది పట్టీకో గాలి జాకెట్టు భుజానికో అయితే, కుడిచెయ్యి చిక్కుపడినా ఎడమచెయ్యి అందుకుంటుంది. ఒకటి జారి పడిపోతే రెండవది ఉంటుంది. పడిపోకుండా చిన్న తాడుతో కట్టుకునేవారూ ఉన్నారు. అయితే ఆ తాడే మరో చిక్కుకు మూలం కాకుండా పొట్టిగా ఉండాలి.

జేబులో అడుగున, టార్చి కింద, పలక కింద దాచిన కత్తెర ఇంట్లో మరిచిపోయి వచ్చిన కత్తెరతో సమానం.

కొన్న తరువాత ఇంటి దగ్గరే ఒక అభ్యాసం చేయాలి. బక్కెట్టు నీళ్ళలో గాలపు దారం ముక్కలు కట్టి, చేతికి తొడుగులు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో పనిముట్టు తీసి, దారం కత్తిరించి, మళ్ళీ దాని చోట దానిని పెట్టాలి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. పది సార్లు చేస్తే చెయ్యి నేర్చుకుంటుంది. నీటి అడుగున ఆలోచించే పని చేతికి లేకుండా పోతుంది.

చిత్రగ్రీవుడు చెప్పినది

చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభం చదవని తెలుగువారు అరుదు. నూకలకు ఆశపడి వలలో పడిన పావురాలు గగ్గోలు పెడుతుంటే వాటి రాజు చిత్రగ్రీవుడు ఏమి చేశాడు? ఒక్కొక్కరూ కొట్టుకుంటే లాభం లేదని చెప్పి, అందరినీ ఒక్క ఊపున వలతో సహా ఎగిరించాడు. నేరుగా మిత్రుడైన హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి తీసుకుపోయాడు. ఎలుక పళ్ళతో వల తాళ్ళు కొరికివేసింది. డైవింగు పాఠమంతా ఈ కథలో ఉన్నది: తొందరపడకపోవడం, తోడు ఉండడం, పదునైన పళ్ళు.

చిక్కుపడ్డానని తెలిసిన క్షణాన చేయవలసినవి శిక్షకులు ఈ వరుసలో నేర్పుతారు. ఆగు. ఊపిరి తీసుకో. ఆలోచించు. ఆ తరువాత చెయ్యి.

ఆగడమంటే కాళ్ళు ఆడించడం మానడం. రెండు మూడు దీర్ఘశ్వాసలు తీసుకోగానే గుండె దడ తగ్గుతుంది. గాలి మీటరు చూసుకోవాలి. ఏ వైపు నుంచి పట్టి లాగుతున్నదో ఒంటితో తెలుసుకోవాలి. వెనక్కు తిరగకుండా, వచ్చిన దారినే కొద్దిగా జరిగితే దారం వదులై తనంతట తానే జారిపోవడం కద్దు. అనేక సందర్భాలలో కత్తెర తీసే అవసరమే రాదు.

అప్పటికీ వదలకపోతే జతగాడికి సైగ చేయాలి. స్కూబాలో ఇద్దరిద్దరుగా దిగాలనే నియమం అలంకారానికి పెట్టినది కాదు. నీ మెడ వెనుక కవాటం నీకు కనబడదు, అతనికి ఎదురుగా కనబడుతుంది. నీవు పది నిమిషాలు తడుముకునే ముడిని అతను అర నిమిషంలో కత్తిరిస్తాడు. నీవు చేయవలసినదల్లా కదలకుండా ఉండడం. అదే కష్టమైన పని! జతగాడు కూడా తొందరపడి దగ్గరికి దూకకూడదు. ముందు తాను ఆ వలలో పడకుండా చూసుకోవాలి. ముడి విప్పబోయి ముడిలో పడినవారూ ఉన్నారు.

కత్తిరించేటప్పుడు దారాన్ని గాలిగొట్టాలకు దూరంగా లాగి, బిగువుగా పట్టి, ఒక్కొక్క పోగునే తెంపాలి. తెగిన కొసలు మళ్ళీ చుట్టుకోకుండా పక్కకు తోయాలి. కొసన గాలపు ముల్లు ఉండవచ్చునని మరువకూడదు. ఎవరూ లేక, చేతికీ అందక, మరో దారి లేనప్పుడు రెగ్యులేటరును నోట్లోంచి తీయకుండా, సిలిండరుతో సహా జాకెట్టును ఒంటి మీద నుంచి ముందుకు తీసుకుని, ముడి కత్తిరించి, మళ్ళీ తొడుక్కోవాలి. శిక్షణలో దీనిని నేర్పుతారు. విసుగుపడి నేర్చుకున్నవారే తరువాత దణ్ణం పెట్టుకుంటారు.

కత్తిరించరాని దారం

ఇంతవరకు దారాన్ని శత్రువుగా చెప్పుకున్నాము. అయితే దారమే ప్రాణమైన చోటు ఒకటి ఉన్నది: నీటితో నిండిన గుహ. అక్కడ పైకి లేస్తే రాతి కప్పు తగులుతుంది. కాలి రెక్క అడుగు బురదను ఒక్కసారి తాకితే టార్చి వెలుగు కూడా కనబడదు. అందుకని గుహలోకి పోయే డైవర్లు ముఖద్వారం నుంచి లోపలిదాకా తెంపులేని దారం పరుస్తూ పోతారు. తిరిగి వచ్చేటప్పుడు కళ్ళు పనిచేయకపోయినా ఆ దారాన్ని వేళ్ళతో తడుముకుంటూ వస్తారు. 2018 జూలైలో థాయిలాండులోని థాం లువాంగ్ గుహలో చిక్కుకున్న 12 మంది బాలురను, వారి ఫుట్‌బాల్ శిక్షకుణ్ణి డైవర్లు బయటికి తెచ్చినది ఇట్లా పరచిన తాడు పట్టుకునే.

ఆ దారమే కాలికి చుట్టుకుంటే? అక్కడ కత్తెర చిట్టచివరి మాట. వీలైనంతవరకు చేత్తోనే విడిపించుకోవాలి. కత్తిరించక తప్పకపోతే, తెగిన కొసలు మళ్ళీ కలిపి కట్టే ఏర్పాటు ముందే చేసుకోవాలి. బయటికి పోయే కొసను మాత్రం చేతిలోంచి వదలకూడదు. తొందరపడి ఒక్క కోత కోస్తే తనకే కాదు, తన వెనుక లోపల ఉన్నవారందరికీ దారి తెగిపోతుంది. పద్మవ్యూహంలోకి పోవడం తెలిసి, బయటికి రావడం తెలియని అభిమన్యుడి కథ మనకు కొత్త కాదు కదా.

మన తీరాన

స్కూబా ఇప్పుడు దూరదేశపు ముచ్చట కాదు. విశాఖపట్నం రుషికొండ తీరాన నేర్పేవారున్నారు. అండమానులో 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అని పిలుస్తున్న హేవ్‌లాక్ దీవికి కొత్త దంపతులు, కాలేజీ పిల్లలు వెళ్ళి ఒక పూట నీటి అడుగు చూసి వస్తున్నారు. మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఈ సరదా పడితే వద్దని కోప్పడనక్కరలేదు. మొదటిసారి దిగేవారిని సాధారణంగా 12 మీటర్ల లోపే ఉంచి, శిక్షకుడు పక్కనే ఉంటాడు. కొత్తవారి చేతికి కత్తి ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది. కాని శిక్షకుడి ఒంటిమీద కత్తెరో కత్తో ఉన్నదా, ఎక్కడ ఉన్నదని దిగే ముందు అడగడంలో తప్పులేదు. మంచి శిక్షకుడు సంతోషంగా చూపిస్తాడు. విసుక్కుంటే, ఆ పూట ఒడ్డున కూర్చుని పల్లీలు తినడం మేలు.

సొంతంగా కొనుక్కున్నవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. విమానంలో పోయేటప్పుడు దానిని చేతిసంచిలో పెట్టకూడదు, సామాన్ల పెట్టెలో వేయాలి. అట్లాగే కొన్ని సముద్ర ఉద్యానాలలో, మెక్సికోలోని కోజుమెల్ వంటిచోట, పగడాలను గీకకుండా ఉండడానికని కత్తులు తీసుకుపోనివ్వరు. పోయేచోటి నియమం ముందే కనుక్కోవాలి.

చివరికి ఒక్క మాట. డైవరు తన కోసం కట్టుకున్న ఆ చిన్న కత్తెర, అదృష్టవంతుడైతే, జీవితంలో ఒక్కసారి కూడా తనకోసం వాడుకోడు. కాని దానికి పని లేకుండా పోదు. మన కోస్తాకు ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు దయ్యపు వలలలో చిక్కుకుంటాయి. మాల్దీవులలో 2013లో వాటి పేరుమీదనే ఒక సంస్థ వెలిసి, వలలలో పడిన తాబేళ్ళను విడిపించి చికిత్స చేస్తున్నది. తాబేలు కూడా మనిషివలె ఊపిరి కోసం పైకి రావలసిన జీవమే. కొట్టుకున్న కొద్దీ బిగిసే ఉచ్చు దానికీ అదే.

హిరణ్యకుడు ముందుగా చిత్రగ్రీవుడి కట్లు కొరకబోతే, ఆ రాజు ఒప్పుకోలేదు. ముందు నావారి కట్లు తెంపు, తరువాత నావి అన్నాడు. పదునైన పనిముట్టు దగ్గర పెట్టుకునేవారు ఆ పావురాన్ని కూడా గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.